లెక్కలోకి రాని పిల్లవాడు, లెక్కలోకి రాని గురువు



ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటాం. జనవరి 3న తల్లి సావిత్రిబాయి ఫూలే జయంతి జరుపుకుంటాం. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఆ రోజుల్లో వేదికలు వేస్తారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు తీసుకుంటారు. మంచిదే. చదువు చెప్పిన చేతిని మరిచిపోవడం కంటే శాలువా కప్పడం మేలు.

అయితే మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాం. ఆ వేదిక మీదికి మనం ఎవర్ని పిలుస్తున్నాం? పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితం తెచ్చినవారిని పిలుస్తాం. ఎక్కువ మార్కులు తెప్పించినవారిని పిలుస్తాం. మరి మూడేళ్లుగా 'క' గుణింతం దగ్గరే నిలిచిపోయిన ఒక పిల్లవాడి పక్కన రోజూ అరగంట కూర్చుని, చివరికి వాడి పేరును వాడి చేతనే చదివించిన టీచరమ్మను ఎప్పుడైనా పిలిచామా? ఆ పిల్లవాడు ఏ జాబితాలోనూ ఫస్టు రాడు. అందుకని ఆ టీచరమ్మ కూడా ఏ జాబితాలోకీ ఎక్కదు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. మనం దేన్ని మంచి అంటున్నామో, దేన్ని చూడకుండా వదిలేస్తున్నామో ఇక్కడే బయటపడుతుంది.

డిస్లెక్సియా అంటే ఏమిటి?

తరగతిలో ఒక పిల్లవాడు ఉంటాడు. కథ చెప్తే మొత్తం గుర్తుపెట్టుకుని తిరిగి చెప్తాడు. అంగడికి పంపితే చిల్లర లెక్క తప్పకుండా తెస్తాడు. సైకిలు చైను ఊడిపోతే వాడే వేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. పై వరుసలో సరిగ్గా చదివిన మాటనే కింది వరుసలో తప్పు చదువుతాడు. 'మ'కూ 'య'కూ, 'ప'కూ 'ష'కూ తేడా నిలవదు. ఒత్తులు మింగేస్తాడు, దీర్ఘాలు వదిలేస్తాడు. బోర్డు మీది నాలుగు వరుసలు ఎక్కించుకోవడానికి మిగతావాళ్లకు ఐదు నిమిషాలు పడితే వాడికి అరగంట పడుతుంది. ఇంట్లో 'దడ్డోడు' అంటారు. బడిలో 'మొద్దు' అంటారు. కొన్నాళ్లకు వాడు కూడా తన్ను తాను అదే పేరుతో పిలుచుకుంటాడు.

ఇది కంటి జబ్బు కాదు. బుద్ధి తక్కువ కాదు. సోమరితనం అసలే కాదు. మాటలోని శబ్దాలను విడదీసి, ఒక్కో శబ్దాన్ని ఒక్కో అక్షరానికి ముడివేసే పనిని కొందరి మెదడు నెమ్మదిగా, వేరే దారిలో చేస్తుంది. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఉండటం కూడా కద్దు. దీనికి మాత్ర లేదు, సూది లేదు. చదువు చెప్పే పద్ధతే దీనికి మందు.

ఈ పేరు పెట్టింది జర్మనీకి చెందిన రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి వైద్యుడు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు 14 ఏళ్ల పర్సీ అనే కుర్రవాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. చురుకైన కుర్రవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, కానీ చదవలేడు. ఆ వ్యాసంలో మనం పట్టుకోవలసిన మాట డాక్టరుది కాదు, ఆ కుర్రవాడికి చదువు చెప్పిన అయ్యవారిది. చదువంతా నోటిమాటగా చెప్తే బడిలో అందరికన్నా చురుకైనవాడు వీడే అవుతాడని ఆయన అన్నాడట. ఆ అయ్యవారి పేరు చరిత్రలో ఎవరికీ గుర్తులేదు. కానీ వైద్యుల పుస్తకాల్లోకి ఎక్కక ముందే ఆ పిల్లవాడి తెలివిని చూసిన కళ్లు ఆయనవి.

అక్షరం తిరగేసి రాశాడని పిల్లల్ని నవ్వేవాళ్లకు ఒక మాట. మన కర్నూలు జిల్లాలోనే, తుగ్గలి మండలంలోని ఎర్రగుడి బండల మీద అశోక చక్రవర్తి శాసనాలు ఉన్నాయి. వాటిలో చిన్న శాసనంలోని కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. చెక్కినవాడికి ఏదో లోపం ఉందని మేము అనడం లేదు. రాత ఎటు నడవాలన్నది మనుషులు పెట్టుకున్న ఏర్పాటు, ఆకాశం నుంచి ఊడిపడిన నియమం కాదు. ఆ ఏర్పాటుకు అలవాటు పడటానికి ఒకరికి ఎక్కువ కాలం పడితే అది నేరం ఎట్లా అవుతుంది?

మన ప్రాంతంలో ఈ పని ఎందుకు కష్టం

పట్నంలో అయితే అనుమానం రాగానే పరీక్ష చేయించే నిపుణులు దొరుకుతారు. చెన్నైలో 1991 నుంచి దీనికోసమే ఒక సంఘం పనిచేస్తోంది. 2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చాక చదువుకున్న ఇళ్లలో ఈ మాట తెలిసింది. కానీ కోసిగిలో, పెద్దకడుబూరులో, కౌతాళంలో, హొళగుందలో పరిస్థితి వేరు.

ఇక్కడ వాన తప్పితే ఊరు లేస్తుంది. సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగుళూరు కట్టడాల పనులకు. పిల్లలు కూడా మూటలతోపాటు బండెక్కుతారు. వీళ్లకోసమే సర్వశిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అక్కడ ఉన్నవాళ్లు ఉంటారు, పోయినవాళ్లు పోతారు. నాలుగు నెలలు బడి తప్పి వచ్చిన పిల్లవాడు చదవలేకపోతే దానికి కారణం డిస్లెక్సియానా, తప్పిపోయిన బడా?

ఇంకొక చిక్కు భాష. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండింది. ఈ రోజుకూ ఒకే వీధిలో తెలుగు, కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి, తాండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఇంట్లో ఒక భాష మాట్లాడి బడిలో ఇంకో భాషలో అక్షరాలు నేర్చుకునే పిల్ల తడబడితే, దాన్ని లోపం అనవచ్చా? చూపు తగ్గినా, చెవి సరిగా వినపడకపోయినా, పొద్దున ఏమీ తినకుండా వచ్చినా పైకి కనపడేది ఒకటే. పిల్లవాడు చదవడం లేదు.

ఆదోని మార్కెట్టు యార్డులో పిడికెడు దూది లాగి, వేళ్ల మధ్య పోగు చూసి ధర కట్టేస్తారు. దూదికి అది సరిపోతుంది. పిల్లలకు కూడా మనం అదే చేస్తున్నాం. ఒక్కసారి చదవమని, ఒక్కసారి తడబడగానే ధర కట్టేస్తున్నాం. మంచి గురువు అట్లా చేయడు. ఎన్నాళ్లు బడి తప్పింది, ఇంట్లో ఏ భాష, బోర్డు కనపడుతుందా, చెప్పింది వినపడుతుందా అని ఒక్కో తలుపు తట్టి చూస్తాడు. అన్నీ సరిగా ఉండి, శ్రద్ధగా చెప్పినా అక్షరం నిలవకపోతే అప్పుడు డిస్లెక్సియా ఏమోనని ఆలోచిస్తాడు. భగవానుడు తన ధమ్మాన్ని గురించి 'ఏహిపస్సికో' అన్నాడు. వచ్చి చూడు, చూసి తెలుసుకో అని. పిల్లల విషయంలో కూడా పేరు పెట్టే ముందు చూడడమే ధమ్మం.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. చదవలేని మగపిల్లవాడు అల్లరి చేస్తాడు కాబట్టి కనీసం కంట పడతాడు. చదవలేని ఆడపిల్ల వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటుంది. "దీనికి చదువు రాదులే" అని పత్తి విత్తనాల చేలో క్రాసింగు పనికి పంపిస్తారు. ఆ పిల్లలో ఏముందో ఎవరికీ తెలియకుండానే పోతుంది.

దారిలో పుట్టినవాడు

భగవానుడి కాలంలో చూళపంథకుడు అనే భిక్షువు ఉండేవాడు. మీలో చాలామంది ఈ కథ వినే ఉంటారు. మరొక్కసారి ఈ కోణంలో వినండి.

రాజగృహంలో ఒక ధనిక శ్రేష్ఠి కూతురు ఇంటి సేవకుణ్ణి ప్రేమించి అతనితో వెళ్లిపోయింది. కాన్పుకు పుట్టింటికి పోదామని బయలుదేరితే దారిలోనే బిడ్డ పుట్టాడు. రెండోసారీ అట్లాగే జరిగింది. 'పంథం' అంటే దారి. అందుకే పెద్దవాడు మహాపంథకుడు, చిన్నవాడు చూళపంథకుడు. సుగ్గికి పోయిన చోట గుడిసెలో పుట్టిన బిడ్డలు మన పల్లెల్లో ఎంతమంది లేరు? ఆ పేరు మనకు కొత్త కాదు.

అన్నదమ్ములిద్దరూ సంఘంలో చేరారు. అన్న త్వరగా అరహంతుడయ్యాడు. తమ్ముడికి ఒక గాథ ఇచ్చి కంఠస్థం చేయమన్నాడు. నాలుగు నెలలు గడిచాయి. కొత్త పాదం పట్టుకుంటే పాత పాదం జారిపోయేది. "నువ్వు ఈ శాసనానికి పనికిరావు, వెళ్లిపో" అన్నాడు అన్న. అదే సమయంలో జీవకుడు సంఘాన్ని భోజనానికి పిలిచాడు. ఎంతమంది వస్తారో లెక్క చెప్పవలసినవాడు మహాపంథకుడే. తమ్ముణ్ణి వదిలేసి మిగతావాళ్ల లెక్క చెప్పాడు. గమనించండి. ఆయన చెడ్డవాడు కాదు, క్రూరుడు కాదు, అరహంతుడు. అయినా బోధించడంలో ఒకే దారి తెలిసినందువల్ల సొంత తమ్ముడు లెక్కలో లేకుండా పోయాడు.

చూళపంథకుడు ఇంటికి పోదామని తెల్లవారుజామున బయలుదేరాడు. ద్వారం దగ్గర భగవానుడు ఎదురుపడ్డాడు. ఏడుస్తున్నవాడి తల నిమిరాడు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఇంకొక గాథ ఇవ్వలేదు. తెల్లటి గుడ్డ ముక్క ఒకటి ఇచ్చాడు. తూర్పుగా కూర్చుని దాన్ని చేత్తో రుద్దుతూ 'రజోహరణం' అనుకొమ్మన్నాడు. దుమ్ము తుడిచేది అని ఆ మాటకు అర్థం. రుద్దే కొద్దీ తెల్ల గుడ్డ మాసింది. అది చూస్తూ చూస్తూ ఆయనకు అనిత్యం అర్థమైంది. తుడవవలసిన దుమ్ము గుడ్డ మీద లేదు, రాగ ద్వేష మోహాల రూపంలో మనసులో ఉందని తెలిసింది. ఆ పూటే అరహంతుడయ్యాడు.

అక్కడ జీవకుడి ఇంట్లో వడ్డన మొదలవుతుంటే భగవానుడు పాత్ర మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "విహారంలో ఇంకా ఒకరు ఉన్నారు" అన్నాడు. ఆ ఒక్కరు వచ్చేదాకా వడ్డన ఆగింది. భోజనమయ్యాక అనుమోదన చెప్పే పని భగవానుడు ఎవరికి అప్పగించాడో తెలుసా? నాలుగు నెలల్లో నాలుగు పాదాలు నిలుపుకోలేని చూళపంథకుడికి.

ఆయనకు డిస్లెక్సియా ఉందని మేము చెప్పడం లేదు. ఆ రోజుల్లో ధమ్మం చెవితో విని నేర్చుకునేవారు, పుస్తకం లేదు. మేము చెప్తున్నది బోధన గురించి. భగవానుడు లక్ష్యాన్ని తగ్గించలేదు. "పాపం, వీడికి ఇంతే చాలు" అనలేదు. అందరూ చేరవలసిన చోటికే చూళపంథకుణ్ణి కూడా చేర్చాడు, కాకపోతే దారి మార్చాడు. చెవి దారి మూసుకుపోతే కన్ను, చెయ్యి, స్పర్శ అనే దారులు తెరిచాడు.

ఈ రోజు డిస్లెక్సియా ఉన్న పిల్లలకు చెప్పే పద్ధతి కూడా ఇట్లాంటిదే. మాటను శబ్దాలుగా విడగొట్టి వినిపిస్తారు. అక్షరాన్ని ఇసుకలో వేలితో దిద్దిస్తారు, గరుకు కాగితం మీద తడిమిస్తారు, గట్టిగా పలికిస్తూ రాయిస్తారు. ఒక గుణింతం నిలిచాకే ఇంకొకటి మొదలుపెడతారు. తెలుగులో ఒక్కో హల్లుకు ఇన్ని గుణింతాలు, పైన ఒత్తులు ఉన్నాయి. కాబట్టి ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఎమ్మిగనూరు నేతగాళ్లను అడగండి, చెప్తారు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపుతారు, తెగిన చోటు వెతుకుతారు, ముడి వేస్తారు. పోగును తిట్టుకుంటూ కూర్చోరు, బట్టనంతా పారేయరు.

కర్మ అనే మాట గురించి

పిల్లవాడు చదవడం లేదని తల్లి ఏడిస్తే, "నీ పూర్వజన్మ కర్మ" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. బౌద్ధులమని చెప్పుకునేవాళ్లు కూడా ఈ మాట అనడం విచారకరం.

మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలమే అన్న వాదాన్ని భగవానుడు ఒప్పుకోలేదు. సీవకుడు అనే పరివ్రాజకుడు అడిగినప్పుడు శరీర ధర్మాలు, ఋతువుల మార్పు, ఇతరుల చేష్టలు ఇట్లా ఎన్నో కారణాలు ఉంటాయని వివరించాడు. ఈ జన్మలోని కష్టాన్ని గత జన్మ పాపానికి ముడిపెట్టే ఆలోచనను బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో తిరస్కరించాడు. ఆ ఆలోచన పేదవాడి నోరు మూయించడానికే పనికొస్తుందని ఆయనకు బాగా తెలుసు.

చూళపంథకుడి గురించి కూడా అట్ఠకథల్లో ఒక పూర్వజన్మ కథ ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. అయితే ఆ కథలో ఆయన చేసిన తప్పు ఏమిటి? పాఠం రాక తంటాలు పడుతున్న ఒక మందబుద్ధి భిక్షువును చూసి నవ్వాడు. అంటే ఆ కథ చెప్పేది చదవలేని పిల్లవాడిని నిందించమని కాదు. చదవలేనివాడిని చూసి నవ్వడమే పాపమని. ఆ కథను తీసుకొచ్చి పిల్లవాడి మీద పెట్టేవాడు దాన్ని తలకిందులుగా చదువుతున్నాడు.

జీతం తీసుకుంటున్నారు కదా, సన్మానం ఎందుకు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చట్టం కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. వాటిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన ఇవ్వాలని, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సౌకర్యాలు ఇవ్వాలని ఆ చట్టం చెప్తుంది. అంటే ఇది దయ కాదు, పిల్లల హక్కు. హక్కును నెరవేర్చడం ఉద్యోగ ధర్మం. దానికి మళ్లీ సన్మానమా?

రెండు జవాబులు ఉన్నాయి.

మొదటిది. గుర్తింపు అనేది ఇచ్చేవాడి కళ్లను బాగుచేస్తుంది. భగవానుడు తన శిష్యుల్లో ఎవరు ఎందులో అగ్రగణ్యులో పేరుపేరునా ప్రకటించాడు. మంగలి పని చేసిన ఉపాలి వినయంలో అగ్రగణ్యుడు. చూళపంథకుడు మనోమయ కాయాన్ని సృష్టించడంలో అగ్రగణ్యుడు. ఇవి బిరుదులు పంచిపెట్టడం కాదు. కులం చూడవద్దు, పుట్టుక చూడవద్దు, ఈ మనిషిలోని ఈ గుణాన్ని చూడండి అని సంఘానికి చూపు నేర్పడం. మనం ఎవరిని గౌరవిస్తామో మన పిల్లలు వాళ్లలా కావాలనుకుంటారు. మార్కులు తెచ్చినవారినే గౌరవిస్తే, మార్కులు తేలేని పిల్లవాడు బడికి బరువని టీచర్లకు మనమే నేర్పినవాళ్లం అవుతాం.

2024 పదో తరగతి ఫలితాల్లో కర్నూలు జిల్లా 62.47 శాతంతో రాష్ట్రంలో ఆఖరున నిలిచింది. ఆ అంకె మీద ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. శాతం పెరగాలి, కాదనం. కానీ శాతం ఒక్కటే కొలబద్ద అయిన చోట, ఫెయిలవుతాడనుకున్న పిల్లవాణ్ణి ముందే వదిలించుకోవాలన్న ఆశ పుడుతుంది. మహాపంథకుడు తమ్ముణ్ణి లెక్కలోంచి తీసేసినట్టే. అట్లాంటి చోట ఆ పిల్లవాణ్ణి వదలకుండా పట్టుకున్న గురువు తన పేరును, తన శాతాన్ని పణంగా పెడుతున్నాడు. అది జీతానికి మించిన పని.

రెండోది. లోకంలో ఇద్దరు అరుదని భగవానుడు అన్నాడు. అడగకుండానే మేలు చేసేవాడు ఒకడు, ఆ మేలును ఎరిగి కృతజ్ఞత చూపేవాడు రెండోవాడు. మొదటివాడు మన ఊళ్లో ఉన్నాడు. రెండోవాడు ఉన్నాడా లేదా అన్నది మన చేతుల్లో ఉంది. ఎర్రగుడి శాసనంలో కూడా శిష్యులు ఆచార్యుణ్ణి గౌరవించాలన్న బోధ ఉంది. మన నేల మీద బండకు ఎక్కిన మాట అది.

బాబాసాహెబ్ జీవితాన్నే చూడండి. బడిలో ఆయన్ని గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారు. ఆ అవమానాన్ని ఆయన మరిచిపోలేదు, రాసిపెట్టాడు. అదే సమయంలో, చదువుకునే రోజుల్లో తనకు బుద్ధుడి జీవితచరిత్ర చేతికిచ్చిన కేలుస్కర్ గారిని కూడా మరిచిపోలేదు. జీవితం చివర్లో రాసిన ముందుమాటలో ఆయన్ని తలుచుకున్నాడు. ఒక పుస్తకం చేతిలో పెట్టిన గురువును అంతటి మనిషి గుర్తుపెట్టుకుంటే, ఒక అక్షరాన్ని నాలుకకు ఎక్కించిన గురువును మనం మరిచిపోవచ్చా?

గురువు పేరుతో ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన కథ కూడా మన దేశంలో ఉంది. ఆ గురువు పేరు మీద అవార్డులు కూడా ఉన్నాయి. వేలు తీసుకున్న గురువు ఒకవైపు, గుడ్డ ముక్క ఇచ్చిన గురువు ఒకవైపు. ఎవరి వరుసలో నిలబడతామో మనమే తేల్చుకోవాలి.

ఒక్కడి కోసం నలభై మందిని ఆపాలా?

ఇది టీచర్ల నుంచి వచ్చే ప్రశ్న. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నలభై మంది పిల్లలు, రెండు తరగతులకు ఒకే గది, మధ్యలో పైవాళ్లు అడిగే లెక్కలు, యాప్‌లో ఎక్కించవలసిన ఫొటోలు. ఒక్కడి పక్కన కూర్చుంటే మిగతావాళ్ల గతి ఏమిటి?

ఆళవి నగరంలో జరిగిన ఒక సంగతి ఉంది. భగవానుడు ధమ్మం చెప్పడానికి వచ్చాడు, జనం కూర్చున్నారు. ఒక పేద రైతు కూడా వినాలనుకున్నాడు గానీ అతని ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి మందలో కలిపి వచ్చేసరికి పొద్దుపోయింది. అప్పటిదాకా భగవానుడు మౌనంగా ఆగాడు. వచ్చిన రైతు ఆకలితో ఉన్నాడని గమనించి ముందు అన్నం పెట్టించాడు. ఆ తరువాతే బోధ మొదలుపెట్టాడు. ఒక్కడి కోసం సభ మొత్తం ఆగింది. ఎవరైనా నష్టపోయారా? ఆకలితో ఉన్నవాడికి ధమ్మం తలకెక్కదని సభ మొత్తం ఆ రోజు నేర్చుకుంది.

తరగతిలో కూడా ఇంతే. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికోసం నెమ్మదిగా, శబ్దం శబ్దంగా చెప్పిన పాఠం మిగతా పిల్లలకు కూడా బాగా ఎక్కుతుంది. సుగ్గి నుంచి నాలుగు నెలల తరువాత వచ్చిన పిల్లకు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి కూడా అదే పద్ధతి మేలు చేస్తుంది. పైగా వెనకబడినవాణ్ణి వదిలేయని అయ్యవారిని చూసి మిగతా పిల్లలు నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ లేదు.

అయినా మొత్తం భారం ఒక్క టీచరు మీద వేసి "నువ్వు కరుణ చూపించు" అనడం అన్యాయం. మండలాల్లో 'భవిత' కేంద్రాలు ఉన్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం పనిచేసే రిసోర్సు టీచర్లు ఉన్నారు. వాళ్లలో ఒప్పంద పద్ధతిలో, తక్కువ జీతానికి పనిచేసేవాళ్లే ఎక్కువ. ఊళ్లు తిరగాలి, ఇళ్లకు పోవాలి, తల్లిదండ్రులను ఒప్పించాలి. గుర్తింపు అంటూ మొదలుపెడితే వాళ్లనుంచే మొదలుపెట్టాలి. సీజనల్ హాస్టల్లో పిల్లల్ని చూసుకునే వలంటీరు, అంగన్‌వాడీ ఆయమ్మ, సాయంత్రాలు అరుగు మీద పది మందికి చదువు చెప్పే ఇంటరు పిల్ల కూడా ఈ వరుసలోకే వస్తారు. డిగ్రీ ఉన్నవాళ్లే గురువులని భగవానుడు ఎక్కడా చెప్పలేదు.

ఎట్లా గుర్తించాలి?

మిత్రులారా, గౌరవించడంలో కూడా సమ్యక్ దృష్టి కావాలి. మీ ఊరి విహారంలో, సంఘంలో, పున్నమి రోజు గానీ జయంతుల రోజు గానీ ఈ పని పెట్టుకుంటే ఈ నాలుగు సంగతులు మనసులో పెట్టుకోండి.

ఒకటి, పిల్లవాణ్ణి వేదిక ఎక్కించవద్దు. "వీడు మొద్దుగా ఉండేవాడు, ఈ సారు బాగుచేశారు" అని మైకులో చెప్తే ఆ పిల్లవాడు మళ్లీ అదే మాటను మోయాలి. గురువును గౌరవించడానికి శిష్యుణ్ణి కించపరచడం సమ్యక్ వాక్కు కాదు.

రెండు, చేసిన పనిని పేరుపెట్టి చెప్పండి. "గొప్ప ఉపాధ్యాయులు, మహానుభావులు" అనే మాటలు గాలికి పోతాయి. "ఈ టీచరమ్మ పిల్లల్ని కొట్టలేదు, నవ్వనివ్వలేదు, ఇసుకలో అక్షరాలు దిద్దించింది, పరీక్షలో అదనపు సమయం ఇప్పించడానికి కర్నూలు దాకా తిరిగింది" అని చెప్పండి. వినేవాళ్లలో ఇంకో టీచరు ఉంటే తనూ చేయగలనని అనుకోవాలి. బోధకుడికి ఉండవలసినవిగా భగవానుడు ఐదు చెప్పాడు. వరుసక్రమంలో చెప్పడం, కారణం చూపి చెప్పడం, దయతో చెప్పడం, లాభం ఆశించకుండా చెప్పడం, తన్నుగానీ ఇతరులనుగానీ నొప్పించకుండా చెప్పడం. ఎవర్ని ఎంచాలో తెలియకపోతే ఈ ఐదింటితో కొలిచి చూడండి. శాతంతో కాదు.

మూడు, ఎంచేముందు తల్లుల్ని అడగండి. ఏ టీచరు వచ్చాక పిల్లవాడు పొద్దున కడుపునొప్పి అనడం మానేశాడో తల్లికి తెలుస్తుంది. ఆ లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు.

నాలుగు, శాలువాతో ఆపవద్దు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు, 1954లో పద్మశ్రీ అందుకున్నారు. పద్మశ్రీ ఒక గౌరవం. కానీ నేతగాడికి అన్నం పెట్టింది సంఘం, నూలు, మగ్గం. గురువుకు కూడా అంతే. అక్షరాల అట్టలు చేయించి ఇవ్వండి. వారానికి రెండు సాయంత్రాలు చదువుకున్న యువకులు వెళ్లి పిల్లల పక్కన కూర్చోండి. సదరం సర్టిఫికెట్టు కోసం తిరగలేని తల్లికి తోడు వెళ్లండి. టీచరు చేస్తున్న పనిలో మనం కొంత మోస్తేనే అది నిజమైన అనుమోదన. ముదిత అంటే చప్పట్లు కొట్టడం మాత్రమే కాదు, ఇంకొకరి మంచిలో చెయ్యి కలపడం.

ఇక గౌరవం అందుకునే గురువులకు కూడా ఒక విన్నపం. పొగడ్త, నింద రెండూ గాలి లాంటివి, వస్తాయి పోతాయి. పిలిచినా పిలవకపోయినా మీ పని మానవద్దు. మీరు దేవుళ్లు కానక్కర్లేదు. దారిలో ఆగిపోయినవాడి చెయ్యి పట్టుకునే కల్యాణమిత్రులైతే చాలు.

ఈ కరపత్రం చదవడం ముగించాక మీరు చేయవలసింది ఒకటే ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో చదవలేక తల వంచుకున్న పిల్లవాడు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఆ పిల్లవాడి పక్కన కూర్చుంటున్నవారు ఎవరో కనుక్కోండి. వెళ్లి, "మీరు చేస్తున్నది మేము చూస్తున్నాం, మాకు ఏ పని చెప్తారు?" అని అడగండి. అట్లా కూర్చునేవారు ఎవరూ లేకపోతే, ఆ చోటు మీకోసమే ఖాళీగా ఉంది.

నమో బుద్ధాయ. జై భీమ్.